గీకేసిన పేరు

యూలలీ బ్రిసెట్ ఇంట్లో పదకొండు వందల రికార్డులున్నాయి. వాటిలో ఒక్కదానికే పేరు లేదు.

మిగతా వాటికి పేర్లున్నాయి, రంగులున్నాయి. నీలివి, పసుపువి, వెస్టిండీస్‌లోని కింగ్‌స్టన్‌లో ఏ సందులోనో అచ్చువేసి హడావుడిలో వంకరగా అంటించినవి. ముందుగదిలో గోడ పొడవునా వాటిని నిలబెట్టింది. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ వెలుతురు ఆ గదిలో ఎక్కువసేపు కూర్చోదు. కొండ మీది ఇల్లు కావడంతో వాన ముందు అక్కడికి వచ్చి, కాసేపు కిటికీ పట్టుకుని నిలబడి, తర్వాత ఊళ్ళోకి దిగుతుంది. పేరు లేని రికార్డు మాత్రం మేడ మీద, పడక పక్కన, తల్లి వదిలి వెళ్ళిన బైబిలు కింద ఉంటుంది. ఏడంగుళాల నల్లని పళ్ళెం. నడుమ ఉండే కాగితాన్ని నాణెంతో తెల్లగా గీకేశారు. పాట అయిపోయి సూది ఆగే చోట చెక్కి ఉండే అంకెల్ని కూడా మేకుతో చెరిపేశారు. వేలితో తడిమితే మానిన గాయంలా తగులుతుంది.

గీకింది ఆమె అన్న లాసెల్స్. అప్పట్లో సౌండ్ నడిపే వాళ్ళందరూ చేసే పనే అది. బీరువాలంత స్పీకరు పెట్టెలు, ఓ పాత వ్యాను, నలుగురు మిత్రులు ఉంటే అదొక సౌండ్. రెండు సౌండ్లను ఒకే హాల్లో ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరి పాటకు జనం ఎక్కువ ఊగిపోతారో చూసేవారు. ఎవరి దగ్గరా లేని పాట దొరికితే దాన్ని కన్నబిడ్డలా దాచుకునేవారు. అవతలి వాడు భుజం మీదుగా తొంగిచూసి పేరు చదవకుండా కాగితం గీకేసేవారు. ఎవరైనా అడిగితే నోటికొచ్చిన పేరు చెప్పేవారు.

లాసెల్స్ సౌండ్ పేరు మౌంట్ హెర్మన్. పగలంతా అద్దకం మిల్లులో ఆవిరి మధ్య నిలబడే మనిషి, శనివారం వచ్చేసరికి రాజులా నడిచేవాడు. చెల్లెల్ని పెట్టెల దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. ఆడపిల్ల తాకితే తీగలు కాలిపోతాయన్నట్టు చూసేవాడు. యూలలీ హాలు చివర గోడకు ఆనుకుని వినేది. స్పీకర్ల బాస్ మోత గోడలోంచి వీపులోకి ఎక్కేది. అన్న ఇవ్వనిది గోడ ఇచ్చేది.

1977 ఈస్టర్ సోమవారం మధ్యాహ్నం, సిల్వర్ ట్రంపెట్ అనే సౌండ్‌తో పోటీలో, లాసెల్స్ ఆ పాట వేశాడు. ముందు డ్రమ్ము రెండు దెబ్బలు. తర్వాత ఒక గొంతు, పక్కనెవరూ లేనట్టు, తనలో తాను అనుకుంటున్నట్టు పాడింది. అవతలి ఒడ్డు నుంచి పిలవకు, నాకు ఈత రాదు. అంతే పాట. ఆ ఒక్క మాటే తిరిగి తిరిగి, ప్రతిసారీ నది ఇంకొంచెం వెడల్పయినట్టు వినిపించేది. హాల్లో మాటలు ఆగిపోయాయి. ఆగి ఒక్కసారిగా అరుపులై లేచాయి. నాలుగుసార్లు వేయించారు. సిల్వర్ ట్రంపెట్ ఆ రోజు ఓడిపోయింది.

సిల్వర్ ట్రంపెట్ తరఫున రికార్డులు ఎంచి వేసే కుర్రాడు ఎవరాల్డ్. అప్పటికి ఆరు నెలలుగా ప్రతి శుక్రవారం మిల్లు గేటు దగ్గర గొడుగుతో నిలబడి యూలలీ కోసం ఎదురుచూసేవాడు. ఆమెకు ఇరవై రెండేళ్ళు. నేసిన ఉన్ని బట్టలో తెగిన పోగులు వెతికి, సూదితో మళ్ళీ కలిపే రఫూ పని ఆమెది. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి తప్పు ఎక్కడుందో చెప్పేది. బాగుచేశాక ఆ చోటు ఆమెకే కనిపించేది కాదు.

ఆ పాట ఎవరిదని ఎవరాల్డ్ మూడు శుక్రవారాలు అడిగాడు. ఆమె వెళ్ళి అన్నను అడిగింది. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న లాసెల్స్, అద్దంలోంచే ఆమెను చూసి, కింగ్‌స్టన్ గాయకుడు స్టెడ్‌మన్ క్రియరీ అని చెప్పాడు. ఎవరితోనూ అనొద్దన్నాడు. ఆ తర్వాతి శుక్రవారం గొడుగు కింద ఆమె ఆ పేరును ఎవరాల్డ్‌కు చెప్పింది. అంతకన్నా విలువైనది ఆమె దగ్గర అప్పుడు ఏదీ లేదు.

సిల్వర్ ట్రంపెట్ వాళ్ళు కింగ్‌స్టన్‌కు ఉత్తరం రాశారు. అక్కడి చుట్టం ఒకాయన కొట్టు కొట్టూ తిరిగాడు. క్రియరీ పాడినవన్నీ పార్శిల్‌లో వచ్చాయి. ఆ పాట లేదు. మళ్ళీ పోటీ జరిగిన రోజున లాసెల్స్ మైకు నోటికి ఆనించుకుని, వెతకండి అబ్బాయిలూ, ఇంకా బాగా వెతకండి అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వంతా వెళ్ళి ఎవరాల్డ్ ఒక్కడి మీద పడింది.

ఆ శుక్రవారం అతను గేటు దగ్గరికి గొడుగు లేకుండా వచ్చాడు.

"నీ చేత చెప్పించాడు కదూ?"

"ఏం చెప్పించాడు?"

"క్రియరీ ఆ పాట పాడలేదు లలీ. నువ్వు మీ అన్న మనిషివని ముందే చెబితే నాకీ వానలో నిలబడే పని తప్పేది."

"పాడాడు. నేను అబద్ధం చెప్పలేదు."

"అయితే అతని చేత పాడించు. వింటాను."

అతను వెళ్ళిపోయాడు. రెండేళ్ళకు నోరీన్ అనే నర్సును పెళ్ళి చేసుకున్నాడు. లాసెల్స్ ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు బతికాడు. యూలలీ ఎన్నిసార్లు అడిగినా, నవ్వకుండా, కన్ను కదపకుండా, క్రియరీయే అన్నాడు. మంచు పట్టిన దారిలో పెట్టెలతో సహా వ్యాను తిరగబడిన రోజు వరకు ఆ మాట మార్చలేదు. మిత్రులు పెట్టెలు పంచుకున్నారు, యాంప్లిఫయర్లు పంచుకున్నారు. పేరు లేని ఆ రికార్డును తల్లి ఎవరికీ ఇవ్వకుండా తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

యూలలీ రికార్డులు కొనడం అక్కడ మొదలైంది. అదే పాట, కాగితం చెడకుండా, స్టెడ్‌మన్ క్రియరీ పేరుతో ఎక్కడో ఒకటి ఉండి తీరాలి. ఒక్కటి దొరికితే చాలు, తీసుకెళ్ళి ఎవరాల్డ్ ముందు పెట్టొచ్చు. లీడ్స్‌లో, బ్రాడ్‌ఫర్డ్‌లో, మాంచెస్టర్‌లో కొట్లు తిరిగింది. అట్టపెట్టెల మీదికి వంగి వేళ్ళతో ఒక్కొక్కటే తోస్తూ వెళ్ళేది. కొట్లలో అందరూ మగవాళ్ళే. మీ ఆయనకు బహుమతా సిస్టర్ అని అడిగేవారు. కాదు, నాకే అనేది. అయితే ఇది వినండి అని, ఆమెకు పదేళ్ళుగా తెలిసిన పాట వేసి వినిపించేవారు.

క్రియరీవి అన్నీ కొంది. క్రియరీ వెనక డ్రమ్ము వాయించిన వాళ్ళవి కొంది. ఆ స్టూడియోలో ఆ ఏడాది పాడిన వాళ్ళందరివీ కొంది. వెతుకుతూ వెతుకుతూ, వెతుకులాటే ఇల్లంతా నిండిపోయింది. ఉట్రెక్ట్‌లో ఒక డచ్చాయన అలాంటి రికార్డులకు పెట్టింది పేరని తెలిసి, పాటను క్యాసెట్టుకు ఎక్కించి పంపింది. ఇది నేను ఎన్నడూ వినలేదు, అమ్మేట్టయితే ముందు నాకు చెప్పండి అని జవాబొచ్చింది.

పెళ్ళి మాట తల్లి కొన్నాళ్ళు ఎత్తింది, తర్వాత మానేసింది. తల్లి పోయింది. మిల్లు మూతపడింది. యూలలీ ఆసుపత్రి బట్టల విభాగంలో దుప్పట్లు కుట్టింది. రిటైరైంది. సాయంత్రాలు ఒక్కో వైపు మూడు నిమిషాల చొప్పున గడిచేవి. పాట అయ్యాక సూది చివరి గీతలో తిరుగుతూ చేసే చప్పుడు ఆమెకు ఇంట్లో ఇంకెవరో మెల్లగా ఊడుస్తున్నట్టు ఉండేది. లేచి సూది తీయడానికి తొందరపడేది కాదు.

క్రియరీ ఇంగ్లండు వస్తే వెళ్ళేది. 1986లో లీడ్స్‌లో, వేదిక ముందు తోపులాటలో, నది పాట పాడండి అని అరిచింది. ఆయన నవ్వి, వచ్చేసారి తల్లీ అన్నాడు. 2003లో మాంచెస్టర్‌లో పాట మాటలు చెప్పింది. ఆయన తల ఊపి, అవునవును, పాతది, మాటలు మర్చిపోయాను అన్నాడు. ఆ అవును అనే మాటతో ఆమె ఎనిమిదేళ్ళు బతికింది. 2011లో ఆయన పాడతాడని తెలిసి ఒంటరిగా పడవెక్కి రోటర్‌డ్యామ్ వెళ్ళింది. జలుబు చేసి ఆయన ముందే వెళ్ళిపోయాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె స్టేషను బెంచీ మీద తిని తిరిగి వచ్చింది.

ఎవరాల్డ్ ఊళ్ళోనే ఉన్నాడు. చావులకు, పెళ్ళిళ్ళకు ఎదురుపడేవాడు. మర్యాదగా తల ఊపేవాడు. అతని మీద ప్రేమ ఎప్పుడు పోయిందో ఆమెకే గుర్తు లేదు. అతన్ని చూస్తే ఇప్పుడు గుండె ఏమీ కొట్టుకోదు. కానీ నలభై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఒక మనిషి తనను అబద్ధాలకోరు అనుకుంటూ రొట్టె కొనుక్కుంటున్నాడు, బస్సెక్కుతున్నాడు, మనవలను ఎత్తుకుంటున్నాడు. ఆ ఒక్క సంగతి చొక్కాలో మరిచిపోయిన సూదిలా, ఎటు తిరిగినా గుచ్చుతుంది.

2019 మార్చిలో క్లారిస్ ఫోన్ చేసింది. మిల్లులో పక్క బల్ల మీద పనిచేసిన క్లారిస్, ఇప్పుడు వెస్టిండియన్ సంఘం హాల్లో వంటగది చూసుకుంటుంది.

"ఏమే లలీ, మీ ఆయన వస్తున్నాడు, మీ క్రియరీ. ఆఖరిసారిగా ఊరూరా తిరిగి పాడుతున్నాడట. ఆదివారం మధ్యాహ్నం, మన హాల్లోనే."

యూలలీ తిరుగుతున్న రికార్డు మీది సూది ఎత్తింది.

"వింటున్నావా? ఎనభై ఏళ్ళు ముసలాడికి. ఈసారైనా ఉంగరం తెస్తాడేమో."

"తెచ్చినా ఎక్కదే. వేళ్ళు వాచిపోయాయి."

క్లారిస్ చాలాసేపు నవ్వి, నవ్వు అయ్యాక గొంతు తగ్గించి, ఎవరాల్డ్ కూడా రెండు టికెట్లు తీసుకున్నాడని చెప్పింది. నోరీన్ మోకాళ్ళు బాగాలేవట, ముందు వరసలో కుర్చీలు అడిగాడట.

ఆ వారమంతా యూలలీకి నిద్ర సరిగా పట్టలేదు. ఊరు ఇది. హాలు అదే. మనిషి ముందు వరసలో ఉంటాడు. పాడవలసినవాడు వేదిక మీద ఉంటాడు. మాటలు మర్చిపోయాడు కాబట్టి గుర్తు చేస్తే చాలు. ఆదివారం పొద్దున్నే బైబిలు కింది నుంచి రికార్డు తీసి, తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇంకో చేతిలో సూట్‌కేసులా మూసుకునే చిన్న రికార్డు ప్లేయరు. ఇరవై ఏళ్ళలో ఆ రికార్డు గడప దాటడం అదే మొదటిసారి.

హాల్లో మేక కూర వాసన, కొబ్బరిపాలు పోసి బీన్స్‌తో ఉడికించిన అన్నం వాసన. వేదిక మీద బ్యాండు కుర్రాళ్ళు తీగలు సరిచేసుకుంటున్నారు. క్రియరీని వెనక, పిల్లల సండే స్కూలు గదిలో కూర్చోబెట్టారని క్లారిస్ చెప్పింది. ఒక పళ్ళెంలో అన్నం, కూర వడ్డించి యూలలీ చేతిలో పెట్టి, తిండి తెచ్చినదాన్ని ఎవరూ ఆపరు, పో అంది.

గదిలో అన్నీ చిన్న కుర్చీలే. వాటిలో ఒకదాని మీద మోకాళ్ళు పైకి వచ్చేలా కూర్చుని ఉన్నాడు స్టెడ్‌మన్ క్రియరీ. నెత్తి మీద ఉన్ని టోపీ, ఒళ్ళో దుప్పటి. గోడ మీద పిల్లలు రంగులు వేసిన నోవహు ఓడ. రికార్డుల అట్టల మీద దాదాపు నలభై ఏళ్ళుగా ఆమెను చూస్తున్న ముఖమే. కాకపోతే ఎవరో దాన్ని తడిపి, పిండి, ఆరేసినట్టుంది.

"ఈ దేశంలో వేడిగా ఉండేది ఈ పళ్ళెం ఒక్కటే తల్లీ" అన్నాడు, అందుకుంటూ.

ఆయన రెండు ముద్దలు తినేదాకా ఆగి, తను వచ్చిన పని చెప్పింది. నలభై రెండేళ్ళ కిందటి పాట, మీరు మర్చిపోయినది, తెచ్చాను, వింటారా అంది. ఆయన చెంచాతో సరేనన్నట్టు సైగ చేశాడు. ఆమె ప్లేయరు మూత తెరిచి నేల మీదే పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని సూది దించింది.

డ్రమ్ము రెండు దెబ్బలు. తర్వాత ఆ గొంతు.

మొదటి చరణం అయ్యేసరికి క్రియరీ నమలడం ఆపాడు. రెండో చరణంలో చెంచా పళ్ళెంలో పెట్టాడు. పాట అయిపోయాక సూది తిరుగుతూ ఉంటే ఇద్దరూ దాన్నే విన్నారు.

"ఇంకోసారి వెయ్యి" అన్నాడు.

ఇంకోసారి వేసింది. అప్పుడు ఆయన దుప్పటి సరిచేసుకున్నాడు.

"ఇది నేను కాదు తల్లీ."

యూలలీ తల ఎత్తలేదు. "మాంచెస్టర్‌లో మీరు అవునన్నారు మిస్టర్ క్రియరీ. మాటలు మర్చిపోయానన్నారు."

"అనే ఉంటాను." ఆయన టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. "ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు వచ్చి నేను పాడని పాటను నాకు అంటగడతారు. మొదట్లో కాదనేవాణ్ణి. కాదన్నాక వాళ్ళ మొహం చూడలేక అవుననడం మొదలుపెట్టాను. నేను పాడినవాటికన్నా అట్లా నాకు వచ్చినవే ఎక్కువ."

"మరి ఎవరిది ఇది?"

ఆయనకు తెలియదు. ఎవడో కుర్రాడు, గొంతు ఇంకా ముదరలేదన్నాడు. ఆ రోజుల్లో పల్లెల నుంచి బస్సెక్కి వచ్చి, స్టూడియో గోడ దగ్గర రోజంతా నిలబడి, ఒక్క పాట పాడి వెళ్ళిపోయిన వాళ్ళు చాలామంది ఉండేవారట. కొందరికి తమ పాట అచ్చయిందని కూడా తెలియదట. ఇతను నాకన్నా బాగా పాడాడు అన్నాడు, అసూయ ఏమీ లేకుండా, ఎవరి పొలంలోనో పండిన పంటను చూసి చెప్పినట్టు. తర్వాత రికార్డు చేతిలోకి తీసుకుని, గీకిన చోట బొటనవేలితో రుద్దాడు.

"ఎవరు గీకారు?"

"మా అన్న. సౌండ్ నడిపేవాడు. మీ పేరు చెప్పింది కూడా ఆయనే. సొంత చెల్లెల్ని కాబట్టి నాకు చెప్పాడు."

క్రియరీ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో నవ్వు మొదలై, మధ్యలోనే ఆగిపోయింది.

"సొంత చెల్లెలివి కాబట్టి చెప్పలేదు తల్లీ. సౌండ్ నడిపేవాడికి చెల్లెలెవరు, తల్లి ఎవరు? నువ్వు ఎవరితో తిరుగుతున్నావో ఆయనకు తెలిసి ఉంటుంది."

యూలలీకి అద్దం గుర్తొచ్చింది. సబ్బు నురగ మధ్య లాసెల్స్ కళ్ళు. ఆమె పేరు అడిగిందంటే ఆ పేరు శుక్రవారానికి ఎక్కడికి చేరుతుందో ఆ కళ్ళకు తెలుసు. ఎవరికీ చెప్పొద్దన్నది, చెబుతుందని తెలిసే. ఎవరాల్డ్ అన్నది నిజం. ఆమె అబద్ధమే మోసుకెళ్ళింది. మోస్తున్నది అబద్ధమని ఆమెకు తెలియలేదు, అంతే తేడా. ఆ తేడా కోసం పదకొండు వందల రికార్డులు కొంది.

ఆమె నేల మీద నుంచి లేవడానికి కుర్చీ పట్టుకోవలసి వచ్చింది. ఎవరి కోసం ఇదంతా అని క్రియరీ అడిగాడు. చెప్పింది. గేటు దగ్గర గొడుగు లేకుండా వచ్చిన మనిషి గురించి, అయితే పాడించు అన్న మాట గురించి, ఇవాళ ముందు వరసలో కూర్చోబోతున్నాడని. ఎవరికైనా అదంతా చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆయన చల్లారిపోయిన పళ్ళెం పక్కన పెట్టాడు.

"పెద్ద పాటేం కాదు. ఆ ఒక్క మాటే కదా. బ్యాండు కుర్రాళ్ళు రెండు నిమిషాల్లో పట్టుకుంటారు. ఇవాళ పాడేస్తాను. ఇది నా పాతది అని చెప్పి పాడతాను. ఆయన వింటాడు. నీ మాట నిలబడుతుంది. ఎవరికి నష్టం?"

ఎవరికీ నష్టం లేదు. యూలలీకి అది బల్ల మీద పరిచిన బట్టలా స్పష్టంగా కనిపించింది. చిరుగు ఇక్కడ. పోగు అక్కడ. అటొకటి ఇటొకటి నాలుగు కుట్లు, పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. పందొమ్మిదేళ్ళు చేసిన పనే. వేళ్ళు వాటంతటవే కదిలాయి.

ఆమె రికార్డును తువ్వాలులో చుట్టింది.

"వద్దు మిస్టర్ క్రియరీ. ఇది పాడిన కుర్రాడికి ఉన్నది ఈ ఒక్కటే. మీకు చాలా ఉన్నాయి."

ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. వేదిక ఎక్కేదాకా ఆలోచించుకో, వద్దో కావాలో తల ఊపు చాలు, నాకు కళ్ళు బాగానే కనిపిస్తాయి అన్నాడు.

మూడింటికి హాలు నిండింది. బయట ఎండ ఉన్నా కర్టెన్లు వేశారు. మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాల్లో, టోపీల్లో, ఆడవాళ్ళు చర్చికి వేసుకునే బట్టల్లో వచ్చారు. కర్రలు, వాకర్లు గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. ముందు వరసలో ఎవరాల్డ్, పక్కన నోరీన్. యూలలీ నేరుగా వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది. నలభై రెండేళ్ళలో తల ఊపడం కాకుండా అతనితో మాట్లాడటం అదే మొదటిసారి.

"ఎవరాల్డ్, నీకొక మాట చెప్పాలి. ఆ పాట క్రియరీది కాదు."

ఏ పాట అని నోరీన్ అడిగింది. ఎవరాల్డ్ భార్య వైపు తిరగకుండానే, డెబ్భై ఏడు ఈస్టర్ సోమవారం పాట అన్నాడు. ఆ మాట నాలుక చివరే ఉన్నట్టు చెప్పాడు.

"నాకు తెలుసు లలీ. నీకన్నా ముందే తెలుసు. ఎవరిది మరి?"

"తెలీదు."

అతను కర్ర మీద రెండు చేతులూ పెట్టి ఆమెను తేరిపార చూశాడు. తర్వాత నవ్వాడు. దగ్గు కలిసిన మెల్లని నవ్వు.

"తెలీదట నోరీన్."

"మా అన్న నాకు కూడా ఆ పేరే చెప్పాడు. నేను నమ్మి నీకు చెప్పాను. నిన్ను మోసం చెయ్యలేదు."

"లాసెల్స్ పోయి ఎన్నేళ్ళయింది? మా సిల్వర్ ట్రంపెట్ పెట్టెల్లో ఎవరో పావురాలు పెంచుకుంటున్నారు. ఇంకెవరితో పోటీ లలీ? నా చెవిలో చెప్పు. ఎవరికీ చెప్పను."

"తెలిస్తే చెప్పేదాన్ని."

"చెప్పవు" అన్నాడు ఎవరాల్డ్. కోపం లేదు గొంతులో. ఎప్పుడో అయిపోయిన కోపం చోట ఇంకేదో ఉంది. అది గౌరవమని ఆమెకు అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. అతను ఆమె చేతి మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు. "చెప్పకూడదు కూడా. చూశావా నోరీన్, సౌండ్ మనిషంటే ఇదీ. ప్రాణం పోయినా పేరు బయటపెట్టదు. నేనైతే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి."

నోరీన్ మర్యాదగా నవ్వి, మీ కోటు చాలా బాగుందంది.

యూలలీ ఇంకా అక్కడే నిలబడింది. చెప్పవలసిన మాట ఇంకోటి ఉంటే బాగుండునని వెతుక్కుంది. లేదు. ఉన్న నిజమంతా ఆ రెండు వాక్యాలే, అవి అయిపోయాయి. వెనక కూర్చున్న వాళ్ళు కనిపించడం లేదని గొణుగుతున్నారు. ఆమె పక్కకు తప్పుకుని అయిదో వరస చివరికి వెళ్ళింది.

క్రియరీని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి ఎత్తయిన స్టూలు మీద కూర్చోబెట్టారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టి హాలంతా వెతికాడు. అయిదో వరస దగ్గర ఆ చూపు ఆగింది. కనుబొమలు కొంచెం పైకి లేచాయి.

ముందు వరసలో ఎవరాల్డ్ మెడ వెనక భాగం కనిపిస్తోంది, తెల్లటి కాలరు, దాని పైన నెరిసిన పొట్టి జుట్టు. ఇప్పుడు తల నిలువుగా ఊపితే క్రియరీ పాడతాడు, అతను నమ్ముతాడు. నిజం చెబితే నమ్మని మనిషి ఇది నమ్ముతాడు.

యూలలీ తల అడ్డంగా ఊపింది.

క్రియరీ మరో రెండు క్షణాలు చూసి, బాస్ గిటారు వాయించే కుర్రాడి వైపు వేలు చూపించాడు. ఆయన సొంత పాటల్లో అందరికీ తెలిసినది మొదలైంది. హాలంతా గొంతు కలిపింది. ఆ పాట ఆమె దగ్గర మూడు ప్రతులున్నాయి. మూడూ కొన్న రోజున, ఇది అది కాదని చూసుకుని అరలో పెట్టేసింది.

పక్క కుర్చీలో ఎవరూ లేరు. ఆమె కోటు విప్పి దాని మీద మడిచి పెట్టి, కూర్చుని, వినసాగింది.